చింతపండు పులుసులో ఇనప వైసు

నిరుడు భాద్రపదంలో మా ఇంట్లో చింతపండు ఖర్చు ఉన్నట్టుండి పెరిగింది. పులిహోరలు కలిపి కాదు, ఇనుము నానబెట్టి. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా పెద్దదాని చదువు గురించి చెప్పాలి.

ఇంటర్ అయ్యాక దాని స్నేహితురాళ్ళంతా డిగ్రీకో నర్సింగుకో చేరారు. ఇది మాత్రం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు తీసుకుంటానంది. రెండేళ్ళ కోర్సు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు ఫిట్టర్ లాంటి ట్రేడులో ఐటీఐ ఉంటే పరీక్ష రాయొచ్చని ఎక్కడో విని, ఆ మాట పట్టుకుంది. మా ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా అత్తయ్య మాత్రం వెంటనే మాట్లాడింది. "ఆడపిల్లకి సుత్తులూ ఆకురాళ్ళూ ఏందే? రేపు సంబంధానికి వచ్చినోళ్ళు పిల్ల ఏం చదివిందమ్మా అంటే ఫిట్టరని చెప్పేదా?" అంది. మా ఆడపడుచయితే ఫోన్లో "వదినా, నీ కూతురు అచ్చం నాయకురాలే" అని నవ్వింది.

పల్నాటి వాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నాయకురాలు నాగమ్మ ఆ రోజుల్లోనే నలగామరాజు దగ్గర మంత్రిగా చేసిన మనిషి. అయినా సరే, బ్రహ్మనాయుడి పక్షాన పోరాడిన వీరులకి గుడి కట్టి కొలిచే మా కారంపూడిలో ఆడపిల్లని ఆ పేరుతో పిలిస్తే అది మెచ్చుకోలు కాదు.

చివరికి మా ఆయనే మెత్తబడ్డాడు, ఒక షరతు మీద. "ఒక్క ఏడాది చూద్దాం. కుదరలేదా, మానిపించి సంబంధాలు చూద్దాం." పిల్ల సరేనంది. నేనూ సరేనన్నాను.

ఫిట్టర్ చదువులో మొదటి నెలలు ఎలా ఉంటాయో నాకు అప్పుడే తెలిసింది. ఇనప పలక ముక్క ఒకటి ఇస్తారు. దాన్ని హ్యాక్సాతో కోసి, ఆకురాయితో రాసి రాసి అంచు చదును చెయ్యాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనపడకూడదు. చెప్పడానికి ఇంతే. పొద్దున్నించీ సాయంత్రం దాకా అదే పని, రోజూ అదే పని. వినగానే నాకు పిండివంటలే గుర్తొచ్చాయి. అరిసె గుండ్రంగా రావడానికి నాకెన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు.

మా పెద్దదానికి అంచు చదును రాలేదు. మధ్యలో ఉబ్బి, రెండు పక్కలా వాలిపోయేది. భుజాలు నొప్పులని వచ్చి పడుకునేది. బలం చాలక అని అందరూ అనుకున్నారు. అసలు సంగతి వేరు. అక్కడి బల్లలు మగపిల్లల ఎత్తుకి వేసినవి. ఇది నాలాగే పొట్టిది. పని ముక్కని బిగించే వైసు దాని ఛాతీ దగ్గరికి వస్తుంది. అంత ఎత్తులో చేతులు పైకి పెట్టి తోస్తే ఆకురాయి తిన్నగా పోదు, తక్కెడ ఊగినట్టు ఊగుతుంది. అంచు గుండ్రమవుతుంది. కాళ్ళ కింద చెక్క పలక వేసుకోమన్నారు. వేసుకునేది. మర్నాటికి ఆ పలక ఇంకెక్కడో ఉండేది.

ఇంటికొచ్చి సాధన చేద్దామని బట్టలుతికే బండ మీద ముక్కని కాలితో తొక్కిపట్టి రాయబోయింది. ముక్క జారింది. బొటనవేలికి నాలుగు కుట్లు. ఆ రాత్రి మా ఆయన "ఏడాది దాకా ఎందుకు, ఇప్పుడే మానెయ్యమను" అన్నాడు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. నేను మాత్రం, వేలు తెగింది బలం లేక కాదు, ముక్కని పట్టుకునేది ఏదీ లేకేనని అనుకున్నాను. పొద్దున్నే చెప్పాను, "దానికొక వైసు కావాలి" అని.

వైసు చూడని వాళ్ళ కోసం ఒక మాట. మనం కత్తిపీట మీద కూర్చుని పీటని కాలితో అదిమిపెడతాం చూడండి, రెండు చేతులూ వంకాయకి ఖాళీగా ఉండాలని. వైసు చేసేదీ అదే. బల్లకి బిగించిన బరువైన ఇనప దిమ్మ, దానికి రెండు దవడలు. ఒకటి కదలదు, ఇంకొకటి మర తిప్పితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ మర పళ్ళు మామూలు బోల్టు పళ్ళలా కోసుగా ఉండవు, నలుచదరంగా ఉంటాయి. బిగించిన బలం పక్కలకి పోకుండా నేరుగా దవడల మీదికి పోవాలని అలా చేస్తారట. ఒకసారి బిగిస్తే మనం తిప్పేదాకా వదలదు. మూడో చెయ్యి అనుకోండి.

కొత్తది మంచిది కావాలంటే నాలుగైదు వేల పైమాటే. ఆ ఏడు మిర్చి ధర చూసి ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. పాతది చూద్దామన్నాను. పాత ఇనప సామాన్ల కొట్టుకి ఆడవాళ్ళం మనం సామానివ్వడానికే పోతాం, కొనడానికి పోం. మా ఊళ్ళో కొట్టు చూశాం, లేదు. పిడుగురాళ్ళ పోయాం. అక్కడ సున్నం బట్టీలు, మిల్లులు ఎక్కువ, వాటి సామానూ ఎక్కువ. ఒక కొట్లో రెండు వైసులు కనపడ్డాయి.

మొదటిది నిగనిగలాడుతోంది, కొత్తగా రంగేశారు. రెండోది తుప్పు ముద్ద, మర కదలటం లేదు. కొట్టతను "అక్కా, ఆ నల్లది తీసుకుపోండి, రేపే వాడుకోవచ్చు" అన్నాడు. మా పెద్దది జేబులోంచి చిన్న సుత్తి తీసి రెండిటినీ మెల్లగా తట్టింది. తుప్పుది ఖంగున మోగింది. రంగుది బొదబొదమంది. కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి చూసేది ఇందుకే కదా! రంగు దానిని తిరగేసి చూస్తే బోల్టు పట్టే చెవి దగ్గర పగులు, దాని మీద ఏదో పూసి రంగేసి ఉంది. వైసు పోత ఇనుముతో చేస్తారు. అది బరువుని మోస్తుంది గానీ, పగిలితే మామూలు వెల్డింగుతో అంత తేలిగ్గా అతకదు. తుప్పు వదులుతుంది గానీ పగులు పూడదు. ఆ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు, పాత వైసు ఎవరైనా కొనుక్కోవచ్చు.

"అది ఇంగ్లీషోళ్ళ కాలం నాటిదక్కా" అని తుప్పుదానికి కూడా ధర పెంచబోయాడు. ఇంగ్లండులో షెఫీల్డ్ ఊరి రికార్డ్ వైసులు పేరుమోసినవే గానీ, వాటికి ఆ పేరు పక్కన పోతలోనే ఉబ్బెత్తుగా ఉంటుందట. దీనిమీద 5 అంకె తప్ప ఏమీ కనపడలేదు. అంటే దవడ వెడల్పు 5 అంగుళాలని. చివరికి కిలో 60 రూపాయల చొప్పున 15 కిలోలకి 900 ఇచ్చాం. ఎరువుల గోతంలో వేసుకుని బస్సెక్కాం. కండక్టరు గోతాన్ని కాలితో తోసి చూసి, "ఏందమ్మా ఇందులో, విగ్రహమా?" అన్నాడు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలైంది. మా వీధి చివర కొలిమి తాత ఉన్నాడు. ఇప్పుడు కొలిమి రగిలేది ఎప్పుడో ఒకసారి, కొడవళ్ళకి కక్కు వెయ్యడానికో గొడ్డలికి పదును పెట్టడానికో. ఆయన వచ్చి చూసి, మా ఆయన చేతిలో సమ్మెట లాక్కుని పక్కన పెట్టాడు. "ఇది బెల్లం అచ్చు లాంటిదబ్బాయా, సాగదు, విరుగుద్ది. దీన్ని కొట్టగూడదు, బతిమాలుకోవాల" అన్నాడు.

ఎలా బతిమాలుకోవాలో ఆయనే చెప్పాడు. కిరసనాయిలు, ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలు కలిపి పొద్దునా సాయంత్రం మర మీద పోయడం. నడుమ నడుమ వేన్నీళ్ళు పోసి, తుడిచి, మళ్ళీ ఆయిలు. చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. మర కదిలాక ఒకే వైపు బలంగా తిప్పకుండా, అటు కాస్తా ఇటు కాస్తా తిప్పడం. ఆరు రోజులు గడిచినా కదల్లేదు. మా అత్తయ్య వసారాలోంచి చూస్తూ "తొమ్మిది వందలు నాగులేట్లో పోసినట్టే" అంది. ఏడో రోజు సాయంత్రం కిర్రుమని పావు చుట్టు తిరిగింది. మా పెద్దది వేసిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

విప్పేటప్పుడు ప్రతి భాగానికీ ఫోనులో ఫొటో తీశాం. పిన్ను, వాషరు, స్ప్రింగు, మర, లోపలి నట్టు, దవడ పలకలు, వాటి మరలు, అన్నీ పాత చీర మీద వరసగా పరిచి అంకెలు వేశాం. ఇక్కడే నా చింతపండు వచ్చింది. ఇత్తడి బిందెలు తోమే మనకి చింతపండు సంగతి ఒకరు చెప్పాలా! దాని పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లం తుప్పుని కరిగిస్తుంది. నల్లబడిన పాత చింతపండు అరకిలో ప్లాస్టిక్ బకెట్టులో పిసికి, విడి భాగాలు రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే కొబ్బరి పీచుతో, వైరు బ్రష్షుతో రుద్దితే తుప్పంతా బురదలా వచ్చేసింది. అయితే రోజుల తరబడి వదిలెయ్యకూడదు, పులుపు ఇనుమునీ తింటుంది. తీశాక బట్టల సోడా కలిపిన నీళ్ళలో జాడించి, వెంటనే తుడిచి, ఎండలో వేడెక్కించి, నూనె రాయాలి. కడిగి అలా పెట్టేస్తే గంటలోనే మళ్ళీ ఎర్రగా తుప్పు పొర వస్తుంది. పెద్ద దిమ్మకి పాత గుడ్డలు పులుసులో తడిపి చుట్టబెట్టాను, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు. అలా మూడు విడతలు.

పాత రంగు ఊడదీసేటప్పుడు మా పెద్దది పొడిగా గీకనివ్వలేదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చట, ఆ దుమ్ము పీల్చకూడదట. తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పెచ్చులన్నీ కాగితంలో ఎత్తి కోళ్ళు తొక్కకుండా తీసేశాం. ఆ తర్వాత గేటుకి వేయగా మిగిలిన నీలం రంగు పైపైన వేశాం. జరిగే చోటా, మర మీదా రంగు వెయ్యకూడదు, గ్రీజే.

దవడ పలకల గరుకు పైన అరిగిపోయింది. తిరగేసి బిగిస్తే కింది వైపు అంచు కొత్తదిలా ఉంది. ఇనుముకి ఆ గరుకు మంచిదే గానీ ఇత్తడి లాంటి మెత్తటి వాటికి గాట్లు పడతాయి. అందుకని దవడలకి తొడుగులు కావాలంది పిల్ల. సత్తు రేకు కోసం ఇల్లంతా వెతుకుతుంటే మా అత్తయ్య లేచి వెళ్ళి, ఎప్పటిదో సత్తు గిన్నె మూత తెచ్చి దాని ముందు పడేసింది. "గిన్నె ఎప్పుడో బొక్కపడింది. మూతెందుకు దాచానో నాకే తెలవదు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

మావయ్యగారు పోయాక గొడ్లు తీసేశాం, సావిడి ఖాళీగా ఉంది. అక్కడే పాత తలుపు చెక్కలతో బల్ల కొట్టించాం. నాలుగు బోల్టులు చెక్కలోంచి కిందికి దింపి బిగించాం. కదలని దవడ ముఖం బల్ల అంచు దాటి కొద్దిగా బయటికి ఉండాలి, అప్పుడే పొడుగు ముక్కని నిలువుగా కిందికి వేలాడదీసి బిగించొచ్చు.

ఇక ఎత్తు. వడ్రంగి టేపు తీసి "మామూలు ఎత్తు పెట్టేస్తానమ్మా" అన్నాడు. మా పెద్దది "ఆగండి మావయ్యా" అని తిన్నగా నిలబడి, పిడికిలి గడ్డం కింద పెట్టుకుంది. అలా పెట్టుకున్నప్పుడు మోచెయ్యి ఎక్కడికి వస్తుందో అక్కడికి వైసు పైభాగం రావాలట. వాళ్ళ పుస్తకంలో ఉన్నదే. బల్లని ఆ లెక్కన కోయించింది. మగవాళ్ళెవరైనా అక్కడ పనిచెయ్యాలంటే వంగాల్సిందే.

అది చూస్తుంటే నాకు నా వంటగట్టు మెదిలింది. పన్నెండేళ్ళ కింద ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ గట్టు ఎత్తు మా ఆయన్ని అడిగాడు. మా ఆయన, మామూలుగా అందరికీ పెట్టేదే పెట్టమన్నాడు. ఆనాటి నుంచీ నేను పప్పు రుబ్బాలన్నా కూర కలపాలన్నా పీట ఎక్కుతున్నాను. భుజం నొప్పికి ఎన్ని తైలాలు రాశానో లెక్కలేదు. మంచం, అరుగు, గట్టు, బీరువా, ఏదీ ఇన్నేళ్ళలో నా మోచేతితో కొలిచి చేసింది కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల నిలబడి కొలిపించుకుంటే నాకు కాస్త గర్వంగానూ, కాస్త ఉక్రోషంగానూ అనిపించింది.

పది రోజుల్లో దాని అంచు చదునయింది. మూలమట్టం పెట్టి నన్ను పిలిచి చూపించింది. వెలుగు రాలేదు. బలం అదే, చెయ్యి అదే. మారింది ఎత్తొక్కటే.

దసరాకి ఆయుధ పూజలో పంపుసెట్టు, ట్రాక్టరు పారలతో పాటు వైసుకీ పసుపు కుంకుమ పడ్డాయి. పెట్టింది మా అత్తయ్యే. ఇనుముకి మొక్కడం మా ఊరికి కొత్త కాదు కదా. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎక్కడెక్కడి నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలు, కొణతాలు, మోసుకొస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయిస్తారు. వాటిని వీరులే అనుకుని దండం పెడతాం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కాకపోతే మా ఇంట్లో ఒక ఆడపిల్ల చేతి పనిముట్టుకి బొట్టు పెట్టడం మాత్రం అదే మొదలు.

ఆ ఉత్సవాలకే మా ఆడపడుచు వచ్చింది, సంబంధం మాట పట్టుకుని. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. కట్నం పెద్దగా అడగటం లేదు. కాకపోతే పిల్ల ఈ ఇనప చదువు మానాలి. మంచి సంబంధమే, కాదనను. మా ఆయన "ఆలోచిద్దాం" అన్నాడు. ఆ మాట అనడంలోనే సగం ఒప్పుకోలు ఉంది. మందపోరు నాడు చాపకూడు తిని వచ్చి అందరూ వసారాలో అదే మాట్లాడుకుంటున్నారు. పిల్ల వంటింట్లో నా పక్కన నిలబడి వింటోంది, ఏమీ అనటం లేదు.

మర్నాడు మిరప తోటకి మందు కొట్టాలి. స్ప్రేయరు గొట్టం చివర ఇత్తడి నట్టు మర చెడి నీళ్ళు కారుతోంది. పండగ రోజులు, కొట్లు మూసున్నాయి. మా ఆయన విసుక్కుంటుంటే పిల్ల దాన్ని తీసుకుని సావిడిలోకి పోయింది. మేమూ వెనకే పోయాం. సత్తు తొడుగులు వేసి గొట్టాన్ని వైసులో బిగించింది. చెడిపోయిన చివరి కొస అంగుళం కోసేసింది. అంచు రాసి, ఐటీఐలో నేర్చుకున్నట్టు డై పట్టి కొత్త మర కోసింది. ఆ డై వాళ్ళ సారు దగ్గర అడిగి తెచ్చుకుందట. అరగంట పట్టింది. నీళ్ళు పెట్టి చూస్తే చుక్క కారలేదు.

మా ఆయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల దగ్గర నిలబడి, వైసు మీద చెయ్యి పెట్టి, "మరీ కిందికి పెట్టారే దీన్ని" అన్నాడు. "దానికి సరిపోయిందిగా" అంది మా అత్తయ్య. ఆ సాయంత్రం ఆయన చెల్లెలితో "రెండో ఏడు కూడా కానియ్యమ్మా" అన్నాడు.

ఆ సంబంధం వాళ్ళు ఉగాది దాకా ఆగుతామన్నారు గానీ, ఈలోపే వాళ్ళకి వేరే చోట కుదిరింది. మా ఆడపడుచుకి ఆ బాధ ఇంకా ఉంది. నాకూ ఒక్కోసారి రాత్రిపూట మనసు పీకుతుంది, మళ్ళీ అలాంటిది వస్తుందో రాదోనని. ఆడపిల్ల తల్లికి ఆ భయం ఉండదని నేను అబద్ధం చెప్పను. రైల్వే పరీక్ష అందరికీ వస్తుందనీ చెప్పను. కానీ పొద్దున్నే సావిడిలోంచి ఆకురాయి చప్పుడు ఒకే తూకంలో వినపడుతుంటే, ఈ పని దానికి అబ్బిందని మాత్రం తెలుస్తోంది.

ఈ ఏడాదిలో ఇంకో రెండు పాత వైసులు దొరికాయి. ఒకటి 600కి కొని బాగుచేసి, మోటార్లు వైండింగు చేసే అతనికి 2,000కి ఇచ్చాం. ఆ డబ్బుతో పిల్ల ఆకురాళ్ళు, ఒక వెర్నియర్ కొనుక్కుంది. రెండోది మూడంగుళాల బుల్లిది, అది నాది. కత్తిపీట పదును పెట్టడానికి, కొబ్బరి కోరాము పిడి బిగించడానికి ఇప్పుడు ఎవరి కోసమూ చూడను.

మీ పుట్టిళ్ళలో, పాత గోదాముల్లో ఇలాంటిది ఏదైనా తుప్పు పట్టి పడి ఉంటే తూకానికి వేసే ముందు ఒకసారి తట్టి చూడండి. ఖంగుమంటే ఉంచండి. నా గట్టు కూడా ఈ సంక్రాంతికి నాలుగంగుళాలు దించుతున్నాం, మేస్త్రీతో మాట్లాడేశాను. ఈసారి కొలత నేను చెప్పాను.